పేరు బిళ్ళ

పైట మీద పిన్నుతోని గుచ్చిన బిళ్ళ,
తెల్లటిది, వేలెడంత.
దాని మీద ఈదమ్మ అని లేదు.
ఈడా అని ఉన్నది.
"మ్మ పోతే ఏమైతది," అన్నడు మేనేజరు ప్రణీత్ సారు,
"ఇటలీల గది మంచి పేరు."

ఆ ఇటలీ ఊరు ఫోన్ల చూపెట్టిండు.
గట్టు కొన మీద రాతిండ్లు,
ఒకని భుజాలెక్కి ఇంకొకడు కూసున్నట్టు.
సందులు, మెట్లు, కమాను కింద పిల్లి.
దాన్ని చూసే గీ ఎర్రగట్టు ఖిల్లా మీద
పదకొండు ఇండ్లు కొన్నరంట.
రాత్రికి పద్దెనిమిది వేలు.
నాష్టా అండ్లనే.

మాది నాలుగో నంబరు.
నలభై వేలకు అమ్మినం, పిల్లగాని కాలిరిగిన ఏడు.
కొన్నాయన గోడలు కొట్టి చూసి నవ్విండు.
మేం గూడ నవ్వినం.
ఎవలు ఎవల్ని ముంచుతున్నరో
ఇద్దరికీ తెల్వలే.

అటెన్క పూణె.
కుర్మయ్య మందిండ్లల్ల బండలు పరిచిండు,
నేను తట్ట మోసిన.
పన్నెండేండ్లకు మేస్త్రి కబురు పెట్టిండు:
ఖిల్లా మీద పాత ఇండ్లకు గచ్చు జెయ్యాలె,
సున్నంల బెల్లం నీళ్ళెన్ని, కరక్కాయెంత,
ఆ పాళ్ళు తెలిసినోళ్ళు గావాలె.
అట్ల మా ఇంటికి మేమే కూలికొచ్చినం.
కుర్మయ్యకు దినాం ఏడు నూర్లు,
నాకు నాలుగున్నర.

గొడ్డును కట్టేసిన సాయబాన్ల
ఇప్పుడు తెల్ల తొట్టి ఉన్నది, మనిషి పండుకునేంత.
పొయ్యి పక్క మసి గోడను మాత్రం
కడగనియ్యలే. అది అసలుదంట.
నా ఇరవై ఏండ్ల పొగకు అద్దం బిగిచ్చి
పైకెల్లి లైటు పెట్టిన్రు.
నేలల రోలు గుంతల
పొద్దున్నే నీళ్ళు వోసి గులాబి రెక్కలు ఏస్త.
బెంగుళూరు బ్యాంకుల పనిజేసే ఆమె అడిగింది,
ఇది దేనికని.
జొన్నలు దంచెటందుకన్న.
గంత చిన్నగనా, అన్నది.

కింద బాయికి మూడు నూర్ల పన్నెండు మెట్లు.
నెత్తి మీదొకటి, సంకల ఒకటి.
గీ ఈత తొట్టికి నాలుగు ట్యాంకర్లు పడ్తయి.
ఒకనాడు బట్టలు మడతవెట్టుకుంట లెక్కగట్టిన:
దినాం ఐదు సార్లు ఎక్కి దిగితే
నా ఒక్కదానికి నాలుగు నెలల పదమూడొద్దులు.
అండ్ల మునిగేది
పొద్దుగూకినంక ఒకరో ఇద్దరో.
మిగతా అంత మొగులే మునిగి ఉంటది.

బట్టలు బయట ఆరేయొద్దు.
చూపు ఖరాబైతదంట.
దుప్పట్లు, తువ్వాలలు అన్ని మిషిన్లనే ఎండుతయి,
మీద గింత ఎండ ఉండంగ.
కాని ఆ ఫోన్ల ఊర్ల
ఈ కిటికీకెల్లి ఆ కిటికీకి దండెం ఉండె.
ఒక నల్ల పావడ, రెండు మేజోళ్ళు,
ఎలిసిపోయిన నడుంగుడ్డ ఒకటి.
"సారూ, ఆ బట్టలెవరియి?"
రెండేళ్ళతోని బొమ్మను పెద్దగ జేసిండు.
"ఆ ఊరామెయే అయ్యుంటయి."
ఇంకా ఆడనే ఉంటదా, అని అడగబోతే
ఆయనకు ఫోనొచ్చింది.

రాత్రి దిగేటప్పుడు, మెట్టు మెట్టుకు మోకాలు పట్టుకున్నప్పుడు,
గామె యాదికొస్తది.
ఆమెకెన్ని మెట్లో.
ఆమె బిళ్ళ మీద ఏం పేరు రాసిన్రో.

మా దిక్కు ఈడ అంటే ఇక్కడ.
కొసకు దీర్ఘం తీస్తే అడిగినట్టు.
గెస్టులు తలుపు సగం తీసి పిలుస్తరు, ఈడా?
ఏసీ నడుస్తలేదని,
బాత్రూంల తేలొచ్చిందని.
పలుకుడు అలవాటైంది.

మొన్న నాలుగో నంబరు గడప మీద నిలవడి
ఒక తెల్లజుట్టు పెద్దమనిషి పిలిచిండు.
"ఈడా?"
నోట్లకెల్లి ఎట్లొచ్చిందో,
"ఈడనే," అన్న.
"ఆ గూడు కింద మూలకు. నడిజామున, వాన.
మంత్రసాని మెట్లెక్కలేక ఆలస్యమైంది.
కుర్మయ్యనే బొడ్డు కోసిండు."
ఆయనకు తెలుగు రాదు.
థాంక్యూ అన్నడు, రెండేళ్ళు చూపెట్టిండు.
రెండు తువ్వాలలు ఇచ్చి ఒచ్చిన.